బోల్తా పాఠం

"నా కొడుకును పొట్టన పెట్టుకున్నావు! నీ చేతి కూడు నాకొద్దు!" అంటూ దేవకుమారి కంచాన్ని నెట్టేసింది. జ్వరంతో లేవలేకుండా ఉందని అన్నం వండి తెచ్చిన మొగుడు దానయ్య, చెదిరిన మెతుకులు ఎత్తుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. కొడుకు నతానియేలు పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఇదే వరస! కౌలు చేలో పత్తి ఇంటికి తెస్తుంటే కాలవకట్ట మలుపులో ట్రాక్టరు ట్రక్కు బోల్తా పడింది. లోడు మీద కూర్చున్న కొడుకు దాని కిందే... తోలుతున్న దానయ్యకు గీత కూడా పడలేదు. పడి ఉంటే ఆవిడ కసి కొంతైనా తీరేదేమో! "స్పీడుగా తోలాను, తప్పు నాదే" అని అతను ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. దేవకుమారి జారడం కాదు, రోజూ ఏరి ఏరి మరీ విసిరింది మాటల్ని!

తల్లికి జ్వరమని యూనివర్సిటీ నుంచి వచ్చిన కూతురు జెస్సీ ఇక ఉండబట్టలేకపోయింది.

"చాలమ్మా! నాన్నను ఇంకెన్నాళ్లు కాల్చుకు తింటావు? మాకు రోడ్డు మీద బండ్లు ఎలా నడుస్తాయో, ఎందుకు పడతాయో వరసగా లెక్చర్లు చెబుతున్నారు. మొన్నటిది బోల్తా గురించి. వినలేకపోయానమ్మా... క్లాసయ్యాక సారు దగ్గరికెళ్లి ఏడుస్తూ తమ్ముడి సంగతంతా చెప్పాను. లోడు ఎత్తు, కట్ట వాలు అన్నీ అడిగి లెక్క వేశారు. 'అంత ఎత్తు లోడుకు స్పీడు అక్కర్లేదమ్మా, మెల్లగా తిప్పినా పడిపోతుంది' అన్నారు!"

"మెల్లగానా...?"

"అవునమ్మా! తప్పు నాన్నది కాదు. పత్తిని అంతెత్తు తొక్కినోళ్లది! ఆ పాపం వాళ్లదే!"

అప్పుడు హాస్టల్లో ఉన్న పిల్లకు ఏం తెలుసు? ట్రక్కెక్కి పత్తి తొక్కింది దేవకుమారే! మబ్బు కమ్ముకొస్తుంటే, "రెండు ట్రిప్పులేద్దామే" అని దానయ్య బతిమాలితే, "రెండోది తెచ్చేలోగా తడిసిపోద్ది, నువ్వూరుకో" అని కసిరింది తనే! "పైన కూర్చో నాయనా, పత్తి ఎగరకుండా" అని కొడుకును ఎక్కించిందీ తనే!... ఇన్నాళ్లూ అది గుర్తులేక కాదు. స్పీడు అన్న మాట ఒకటి అడ్డం ఉంది గనక బతికింది.

గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చింది.

"ఏవయ్యా... నువ్వు మెల్లగానే తోలావు కదూ?"

దానయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎవరన్నారు?"

"నేను తొక్కిన పత్తే నా బిడ్డను చంపింది! నా కోసమే కదా నువ్వు ఆ నింద మోశావు? చెప్పయ్యా!" గుండెలు బాదుకుంది.

అతను గబాలున ఆమె చేతులు పట్టుకున్నాడు. "పిచ్చి మాటలు మాట్లాడకు దేవీ! పత్తి అందరూ తొక్కుతారు. స్పీడుగా తోలింది నేనే. 'మెల్లగా నాన్నా' అని వాడు అరిచాడు కూడా... నేనే వినలేదు."

దానయ్యకు అబద్ధం ఆడటం చేతకాదు. కళ్లు నేల మీదే ఉన్నాయి. కాదని వాదిస్తే ఈ మనిషి ఇన్నాళ్లు పడ్డదంతా మట్టిపాలవుతుంది... దేవకుమారి కళ్లు తుడుచుకుని అతని పక్కన కూర్చుంది.

"అవునయ్యా... నువ్వే స్పీడుగా తోలావు. నిన్ను క్షమించాను," అంది. ఆ మాట అంటుంటే నాలుక తెగిపడితే బాగుండుననిపించింది.

బిడ్డను మట్టిలో పెట్టిన రోజు కూడా ఏడవని మనిషి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని భోరుమన్నాడు.