తొంభై తొమ్మిది దగ్గర ఆగిన పాట

జనవరి నెల, గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది. బిష్కెక్ నగరం మీద బొగ్గు పొయ్యిల పొగ కమ్ముకుని ఎదుటి భవనం నీడలా మాత్రమే కనిపిస్తోంది. మేదెర్‌బెక్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని తొమ్మిదంతస్తులూ మెట్లెక్కాడు. ఈ వైపు లిఫ్టు పాడైంది. అది నడిచిన రోజు ఇక్కడివాళ్ళకి పండగే.

పై అటకలో, నీళ్ళ గొట్టాల పక్కన, దుమ్ము కొట్టుకుపోయిన పాత నెట్ పెట్టెలు నాలుగు, వాటి పక్కన మేదెర్ ఎప్పుడో పెట్టుకున్న ఒక ముసలి కంప్యూటర్. ఆరింటికి వ్యాను వస్తుంది. ఆలోపు అన్నీ ఊడబెరకాలి. పదిహేనేళ్ళ కిందట ఈ తీగలు లాగింది మేదెరే. ఇవాళ పీకెయ్యమన్నదీ అతన్నే. పెళ్ళికీ తద్దినానికీ ఒకే పంతులన్నట్టుంది వ్యవహారం.

ఆ రోజుల్లో బయటి నెట్‌కి డబ్బు కట్టాలి, భవనాల మధ్య లోపలి నెట్ ఉచితం. అందుకని జనం సినిమాలూ పాటలూ ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకునేవారు. సాయంత్రమైతే తీగల్లో వెళ్ళేదీ వచ్చేదీ సరిసమానంగా ఉండేది. ఈ ఇంటివాడి దగ్గర సగం, ఆ ఇంటివాడి దగ్గర సగం, మూడోవాడికి మొత్తం సినిమా. అటకలో దీపాలు మిలమిలలాడుతుంటే చూడ్డానికి ముచ్చటేసేది. ఇప్పుడు నెట్ చవకైపోయింది. ఏది కావాలన్నా దూరదేశం నుంచి నేరుగా వచ్చి తెర మీద పడుతోంది. అందరూ పుచ్చుకునేవాళ్ళే, ఇచ్చేవాడు లేడు. పక్కింటివాడితో ఎవరికీ పనిలేదు.

కంప్యూటర్ తెర తుడిచి చూశాడు. ఒకే ఒక్క ఫైలు, దిగుతూ దిగుతూ తొంభై ఒక్క శాతం దగ్గర ఆగి ఉంది. నాలుగేళ్ళుగా అంతే.

అది పదిహేనేళ్ళ కిందట ఈ భవనంలోవాళ్ళెవరిదో పెళ్ళి వీడియో. భవనం ముందు పెరట్లో అందరూ కూర్చుని ఉంటారు. మేదెర్ భార్య సైకాల్ పాట పాడటానికి లేస్తుంది, తలకు కట్టుకున్న గుడ్డ సర్దుకుంటుంది, గాలి పీల్చుకుంటుంది. అక్కడితో బొమ్మ ఆగిపోతుంది. ఆ తర్వాతది మిగిలిన తొమ్మిది శాతంలో ఉంది. సైకాల్ పోయి ఆరేళ్ళు. ఆమె గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఎందుకు లేదంటే, అందరూ చేసిన తెలివితక్కువ పనే మేదెరూ చేశాడు. వీడియో అందరి దగ్గరా ఉందిగా, నా డిస్క్ నింపుకోవడం దేనికని చెరిపేశాడు. ప్రతివాడూ పక్కవాడి దగ్గరుందనే చెరిపేశాడు. చివరికి మిగిలింది ఆ వీడియో తీసినాయన దగ్గరే. అరవై ఒకటో నంబరు ఇంట్లో ఉండే రోదియోన్, సినిమా హాల్లో మిషను తిప్పి రిటైరైన ముసలాయన. ఇద్దరూ పదేళ్ళపాటు రోజూ తెర మీద కబుర్లు రాసుకున్నారు. ఆయన ఆరో అంతస్తు, మేదెర్ తొమ్మిదో అంతస్తు, మధ్యలో మూడంతస్తుల మెట్లు. ఒక్కసారీ ఒకరింటికి ఒకరు వెళ్ళలేదు.

రోదియోన్ తీగ దెబ్బతిని వీడియో చుక్కలు చుక్కలుగా వచ్చేది. పైగా పిసినారి, తొమ్మిది కాగానే కంప్యూటర్ ఆపేసేవాడు. "మేదెర్, వచ్చి ఆ వైరు చూడవయ్యా" అని రాసేవాడు. "రేపొస్తా బైకే" అనేవాడు మేదెర్. అన్నా అని గౌరవంగా పిలవడానికేం, తీరికగా ఉన్నా వెళ్ళడానికే బద్ధకం. ఆ రేపు రానేలేదు.

నాలుగేళ్ళ కిందట ఒక శీతకాలం రోదియోన్ కంప్యూటర్ ఆగకుండా నడిచింది. రాత్రీ పగలూ. అరవై నుంచి డెబ్భై, డెబ్భై నుంచి ఎనభై... మేదెర్ పొంగిపోయాడు. "బతికించావు రోదియోన్ బైకే, ఇన్నాళ్ళకి దయ పుట్టింది" అని రాశాడు. జవాబు రాలేదు. అలిగాడులే అనుకున్నాడు. పదకొండో రోజు వాసనకి తాళలేక తలుపు పగలగొట్టారు. ముసలాయన గుమ్మం లోపల నేల మీద పడి ఉన్నాడు. తలుపు దాకా పాకి వచ్చాడట. కంప్యూటర్ మాత్రం పైకి ఇస్తూనే ఉంది.



మేదెర్ నిట్టూర్చి మొదటి పెట్టె మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఇంటికొకటిగా తీగలు గుచ్చే గడుల వరసలో ఒక్క గడి దగ్గర పచ్చదీపం మిణుకుతోంది. అరవై ఒకటి.

తెర వైపు తిరిగాడు. తొంభై రెండు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తొంభై రెండే. పక్కన పేరు: రోద్యా-61. ఇస్తున్నాడు.

ఎవరో కొత్తవాళ్ళు ఆ ఇంట్లో దిగారేమో, పాత కంప్యూటర్ దొరికిందేమో అని మనసుకి సర్దిచెప్పుకుంటూ మెట్లు దిగాడు. కాళ్ళు మాత్రం నమ్మలేదు, ఒక్కో మెట్టూ ఆలోచించి దిగాయి.

ఆరో అంతస్తులో దీపం లేదు. ఎదురింట్లో నూనె మరుగుతున్న వాసన. గురువారం కదా, పోయినవాళ్ళకి వాసన చేరాలని ఇళ్ళలో పిండి ముక్కలు వేయిస్తారు. తలుపు తీసుకుని బాత్మా ఆపా చేతిలో జల్లిగంటెతో నిలబడింది. అందరికీ ఆపా, అంటే అక్క; డెబ్భై దాటిన మనిషి, మాటలో పదును తగ్గలేదు.

"దొంగలా నిలబడ్డావేం మేదెర్?"

"ఆపా, ఈ అరవై ఒకటిలో ఎవరైనా దిగారా?"

"ఎవరు దిగుతారు? వారసులు ఎక్కడో కొట్టుకు చస్తున్నారు. అదిగో, అంటించిన కాగితం చిరగలేదు చూడు. కరెంటు మీటరు కూడా ఊడదీసుకుపోయారు."

నిజమే. ఇనప తలుపు మీద ముద్ర వేసిన కాగితం అలాగే ఉంది.

"ఆయనక్కూడా నేనే వేయిస్తున్నా" అంది ఆపా గొంతు తగ్గించి. "రష్యా మనిషైతేనేం, వాసనకి మతమేంటి. ఆ రోజుల్లో చెత్త గొట్టం కంపనుకుని రెండు రోజులు ముక్కు మూసుకుని తిరిగాను. పాపిష్టిదాన్ని, తలుపు తట్టలేదు." మేదెర్ మొహం చూసింది. "సైకాల్‌కి ఎవరు వేయిస్తున్నారు?"

"నాకు చేతకాదు ఆపా."

"ఆరేళ్ళ నుంచి ఆకలితో ఉందన్నమాట, వెర్రితల్లి" అని లోపలికి వెళ్ళింది.

మేదెర్ ఆ తలుపు ముందు ఒక్కడే నిలబడ్డాడు. నూనె వాసన కింద ఇంకో వాసన... సన్నగా. తియ్యగా. చెయ్యి ఎత్తాడు. తట్టలేకపోయాడు. గబగబా పైకెక్కేశాడు.

తొంభై ఏడు.

తెర అడుగున, నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్న కబుర్ల చోట ఒక వరస.

"తలుపు దాకా వచ్చావు."

మేదెర్ అరవై ఒకటో గడిలోని తీగ పట్టుకుని లాగాడు. మూరెడు ముక్క చేతిలోకి వచ్చేసింది, రెండో కొస గాల్లో. ముసలాయన పోయిన ఏడు స్వయంగా తనే కోసేశాడు... ఎలా మర్చిపోయాడు? ముక్క చేతిలోనే ఉంది. గడిలో ఏమీ లేదు. దీపం మిణుకుతూనే ఉంది.

తొంభై ఎనిమిది.

కరెంటు తీసెయ్యాలి. ఒక్క లాగుడు, అంతే. చెయ్యి ప్లగ్గు మీదే ఉంది. కాని లాగలేదు. ఇంకో రెండు శాతం. భయం ఎంతుందో ఆశ అంతకు రెండింతలుంది. దెయ్యం ఇచ్చినా ఆమె గొంతు ఆమె గొంతే కదా, అనుకున్నాడు.

తొంభై తొమ్మిది.

ఆగింది.

అయిదు నిమిషాలు. పది. గొట్టాల్లో నీళ్ళు ఎక్కడో గుటక వేశాయి. కిటికీ కంతలోంచి వచ్చే వెలుగు పొగకి అయిదు కాకముందే బూడిద రంగు నుంచి నలుపుకి తిరిగింది. రాశాడు: "రోదియోన్ బైకే, క్షమించు. మిగతాది ఇవ్వు."

జవాబు వెంటనే వచ్చింది.

"ఇక తీగలో రాదు. తట్టు."

ఈసారి మెట్లు ఎలా దిగాడో తెలీదు. ఆరో అంతస్తు. చీకటి. చల్లటి ఇనుము. పిడికిలి బిగించి, గంటసేపు అలాగే నిలబడి, చివరికి మూడుసార్లు తట్టాడు. నాలుగేళ్ళ కిందట తట్టాల్సిన తట్టుడు.

లోపల ఎవరో గాలి పీల్చుకున్నారు.

పాట మొదలైంది.

సైకాల్. అనుమానం లేదు. పైస్థాయికి వెళ్ళేటప్పుడు గొంతులో వచ్చే చిన్న జీర కూడా అలాగే ఉంది. మేదెర్ చెంప తలుపుకి ఆనించి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆరేళ్ళుగా ఏ గది చూసినా మూగబోయి ఉంది. ఇప్పుడు ఆమె రెండంగుళాల అవతల పాడుతోంది. ముగ్గు పొడిలా కాగితం మీది జిగురు రాలి అతని మెడ మీద పడింది. తుడుచుకోలేదు.

వెనక తలుపు కిర్రుమంది.

"మేదెర్..." బాత్మా ఆపా గుసగుసగా అంది. "లోపల పాడేదెవరు?"

ఆమెకీ వినిపిస్తోందన్నమాట. ఆపా పెదవులు ప్రార్థనతో కదిలాయి, తలుపు మూసుకుంది, గొళ్ళెం పడిన చప్పుడైంది.

పాట అయిపోయింది. లోపల చప్పట్లు, చాలామందివి, పెళ్ళిలో లాగా. తర్వాత ఏమీ లేదు.

టక్.

లోపలి నుంచి.

టక్. టక్.

మనిషి నిలబడి తట్టే ఎత్తులో కాదు. బాగా కింద... గడప దగ్గర. నేల మీద పడుకున్నవాడి చెయ్యి అందేంత ఎత్తులో.

మేదెర్ గడప ముందు నేల మీద కూర్చున్నాడు. "వచ్చాను బైకే" అన్నాడు. "ఆలస్యమైంది. వచ్చాను."

జేబులో ఫోను మోగింది. వ్యాను నడిపే తిలేక్.

"బైకే, ఎక్కడున్నారు? మంచు పడేలా ఉందని అయిదింటికే వచ్చా. పక్క ద్వారం లిఫ్టు నడుస్తోంటే అటు నుంచి అటకెక్కాను. మీరు లేరు, అన్నీ నేనే పీకి వ్యానులో పడేశా. అరగంటైంది. ఆ ముసలి కంప్యూటర్‌తో సహా. దిగి రండి, చలికి చస్తున్నాను!"

అరగంట. అంటే పాట మొదలయ్యేసరికే అటకలో ఏమీ లేదు...

ఫోను చేతిలోంచి జారింది. తిలేక్ "అలో, అలో" అంటూనే ఉన్నాడు. లేచి వెళ్ళిపోవచ్చు. మెట్లు పక్కనే ఉన్నాయి, కింద మనిషున్నాడు, వ్యానులో వెచ్చదనముంది. వెళితే ఈ గొంతు ఇంకెక్కడా దొరకదు.

వెళ్ళలేదు.

తలుపు అవతల సైకాల్ మళ్ళీ గాలి పీల్చుకుంది. అదే పాట, మొదటి నుంచి. రెండో చరణం దగ్గర ఇంకో గొంతు వచ్చి కలిసింది. మగగొంతు, కాస్త శృతి తప్పుతూ, ఆమె వెంట కష్టపడి నడుస్తోంది.

ఆ గొంతు మేదెర్‌దే. పెళ్ళి రోజున అతను పాడనేలేదు.

అతను ఇటువైపు, రెండు చేతులతో నోరు నొక్కుకుని కూర్చుని ఉన్నాడు.