నలభై ఎనిమిది వేల అబద్ధం

పన్నెండు గంటలకు ఒక మనిషి చనిపోవాలి. అందుకు ఒక్క సంతకం తక్కువైంది.

ఆ సంతకం పెట్టాల్సినవాడు ఏసీ మెకానిక్ వేషంలో, మూడో అంతస్తు అద్దె గదిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ "చెవి" అంటారు. ఒకసారి విన్న గొంతును పదేళ్ళ తర్వాతైనా పోల్చుకోగలడు. అందుకే అక్కడ ఒక కట్టడి ఉంది. గొంతు ఆధారంగా నడిచే ఏ కేసులోనైనా చెవి విని సంతకం పెట్టనిదే తుపాకీ పేలకూడదు.

పదకొండున్నరకు ఎవరో తలుపు తట్టారు.

"ఏసీ చల్లబడట్లేదు."

"గ్యాస్ అయిపోయిందా, ఓపిక అయిపోయిందా?"

"రెండూ."

కోడ్ సరిపోయింది. లోపలికి వచ్చినవాడు డిప్యూటీ. అగ్గిపెట్టెంత రికార్డర్, కొత్త యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ బల్ల మీద పెట్టాడు.

"విదేశీ ముఠా నాయకుడి గదిలో గోడ గడియారం వెనక మన బగ్, దొంగ మైకు, ఉంది. నిన్న సాయంత్రం దానికి ఇది దొరికింది. మన ఫీల్డ్ మనుషుల లిస్టు ఎవరో వాడికి చదివి వినిపిస్తున్నారు. ఆడగొంతు."

"ఎవరు సార్?"

"ఎర్ర కళ్ళద్దాలు."

చెవి గుండెలో రాయి పడింది. ఎదుటి డబ్బింగ్ స్టూడియోలో హీరోయిన్లకు గొంతిచ్చే ఆమె, ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్. ఆమె ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని వీధి దాటితే ట్రాఫిక్ తనంతట తానే ఆగేది. కొత్తలో చెవికి దొంగ మీసం అంటించడం దగ్గర్నుంచి వైర్లు కలపడం దాకా నేర్పింది ఆమే. చుట్టరికం లేకపోయినా అతను అక్కా అనే పిలుస్తాడు.

"అక్క అలా చెయ్యదు సార్."

"విని చెప్పు. ఆమే అయితే సంతకం పెట్టు. పన్నెండుకి భోజనానికి బయటికొస్తుంది. ఎదుటి డాబా మీద షూటర్ రెడీగా ఉన్నాడు." డిప్యూటీ షూటర్‌కు కలిపిన తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు. "లైన్లోనే ఉన్నావా?"

"ఉన్నాను సార్," అంది ఫోన్.

రికార్డర్‌కు లాక్ ఉంది. ఫైల్ కాపీ కాదు. డిజిటల్ కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కు కలిపి, దాంట్లోంచే వినాలి. చెవి కంగారులో ఇంటర్‌ఫేస్ కేబుల్‌ను తిన్నగా బల్ల మీది కంప్యూటర్‌కు గుచ్చేశాడు. పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, కంప్యూటర్ తనకు తోచినది ఏదో వేసుకుంది. హెడ్‌ఫోన్‌లో వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలు తప్ప మాట లేదు.

అక్క ఎన్నిసార్లు చెప్పింది! "ముందు డ్రైవర్, తర్వాత కేబుల్. ముక్కూమొహం తెలియనివాణ్ణి ఇంట్లోకి రానిస్తే ఎవరి కుర్చీలో కూర్చుంటాడో తెలీదు తమ్ముడూ."

కేబుల్ పీకాడు. తప్పుడు డ్రైవర్ తీసేశాడు. ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన అసలు డ్రైవర్ వేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు కేబుల్ పెట్టాడు. పదకొండూ నలభై ఎనిమిది.

సెట్టింగ్స్ పెట్టెలో శాంపుల్ రేట్ 48,000 అని ఉంది. చెవి మౌస్ అటు కదిలింది.

"దాన్ని ముట్టుకోకు. సరైనదే, నేను కనుక్కున్నాను," అన్నాడు డిప్యూటీ.

పై అధికారి మాట. చెవి ఆగిపోయి, ప్లే నొక్కాడు.

సన్నటి గొంతు. గుసగుస. గబగబా ఒకటో నంబర్, రెండో నంబర్, ఊళ్ళూ, ఇళ్ళ గుర్తులూ. మళ్ళీ విన్నాడు. కాదనడానికి సందు దొరకలేదు. ఆ గొంతు అక్కదే అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమంటావ్?"

"ఆవిడే... అనిపిస్తోంది సార్."

డిప్యూటీ కాగితం జరిపాడు. చెవి పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. మనసు ఒప్పక మాటలు వదిలేసి వెనకాల చప్పుళ్ళు విన్నాడు. టిక్, టిక్, టిక్. బగ్ ముందున్న గోడ గడియారం. తన చేతి వాచీ చూశాడు. వాచీ ముల్లు రెండు అడుగులు వేసేలోగా ఆ గడియారం మూడు వేస్తోంది.

మనుషులు అబద్ధమాడొచ్చు. గోడ గడియారానికి అంత తొందరేమిటి?

ధ్వనిని సెకనుకు ఎన్ని ముక్కలుగా కోసి దాచారో, వినిపించేటప్పుడూ అన్నే ముక్కలు నడపాలి. ఎక్కువ నడిపితే మాట పరుగెడుతుంది, గొంతు సన్నబడుతుంది. మూడుకు రెండు. అంటే నలభై ఎనిమిది వేలకు ముప్పై రెండు వేలు.

పదకొండూ యాభై ఎనిమిది.

"ఇంకొక్కసారి వింటాను సార్. మనిషి ప్రాణం కదా."

"త్వరగా."

32,000 నొక్కాడు. గడియారం నింపాదిగా నడిచింది. దాంతోపాటు గొంతు దిగింది, బరువెక్కింది, మగగొంతైంది. ఇప్పుడే "త్వరగా" అన్న గొంతు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ మూరెడు దూరంలో నిలబడి, కోటు జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

కింద స్టూడియో తలుపు తెరుచుకుంది. ఎర్ర కళ్ళద్దాలు ఎండలో మెరిశాయి.

"సంతకం!" డిప్యూటీ అరిచాడు. ఫోన్ వైపు వంగాడు. "సంతకం అయింది. కాల్చె—"

చెవి హెడ్‌ఫోన్ వైరు లాగేశాడు. కంప్యూటర్ స్పీకర్లు గది దద్దరిల్లేలా అందుకున్నాయి. డిప్యూటీ గొంతు, ఏ వేషమూ లేకుండా:

"ఏడో నంబర్, షూటర్. ఇల్లు రైల్వే గేటు పక్కన, పచ్చ తలుపు. భార్య, ఇద్దరు పిల్లలు..."

ఫోన్ గొంతు సవరించుకుంది.

"సార్... ఏడో నంబర్ నేనే కదా?"

కోటు జేబులో డిప్యూటీ చెయ్యి కదిలింది.

"జేబులోంచి చెయ్యి తీయండి సార్. ఖాళీగా తీయండి. ఇక్కణ్ణుంచి మీ కిటికీ బాగానే కనిపిస్తోంది."

చెయ్యి ఖాళీగానే పైకి వచ్చింది. మెకానిక్ సంచిలోని వైరుతోనే డిప్యూటీ చేతులు కట్టేశాడు చెవి. తన సంతకంతో అక్క చచ్చిపోయేది. ఆ మాట అతన్ని చాలా కాలం నిద్రపోనివ్వదు.

అర్ధగంటకు ఆమె పైకి వచ్చి, చావు తన మీదుగా ఎలా వెళ్ళిపోయిందో ఆసాంతం విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"క్షమించు అక్కా. నువ్వేనని ఒకసారి అనేశాను."

"దానికి తర్వాత ఏడుద్దువుగాని." ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ముందు ఇది చెప్పు. కేబుల్ ఎప్పుడు పెట్టావ్, డ్రైవర్‌కి ముందా, తర్వాతా?"

చెవి ముప్పై రెండు వేల గొంతుతో, నెమ్మదిగా అన్నాడు: "మొదటిసారా అక్కా, రెండోసారా?"