గేరు మీద చెయ్యి

ఆదివారం పొద్దున లేవగానే మాస్టారు చేసే మొదటి పని కారు తుడవడం. వారమంతా ఊళ్ళో వాళ్ళకు డ్రైవింగ్ నేర్పే మనిషి సెలవు రోజు కూడా కారునే పట్టుకుని వేలాడతారేమిటని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, ఆయనకేం లెక్క లేదు. నేర్పే కారు వేరు, ఇది వేరు. అది నిలువెత్తు డబ్బా. ఇది ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఎవరో వాడి అమ్మేసిన బండే అయినా గొంతు మాత్రం ఇంకా పడుచుగానే ఉంది.

ఆ పొద్దున కూడా అద్దాలు తళతళలాడించి, పక్క సీటు తలుపు తెరిచి పెట్టి, వంటింటి కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏమోయ్, ఫ్లాస్కులో టీ పోస్తావా? సముద్రం దాకా వెళ్ళొద్దాం."

ఆవిడ స్టవ్ ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఇటు తిరగలేదు.

"ఈవేళ కాదండీ. బట్టలు ఉతకాలి."

"ఉతికేది మెషిను కదా!"

"ఆరేసేది కూడా అదేనా?"

పోయిన వారం తలనొప్పి. అంతకు ముందు వారం ఎవరికో అర్జంటుగా జుట్టు కత్తిరించాలని తన సెలూను తెరుచుకుంది. చలి తగ్గినప్పటి నుంచీ ఇదే వరస. మాస్టారు వెళ్ళి, తెరిచి పెట్టిన తలుపు మెల్లగా మూసేసి వచ్చారు. ఆ తలుపు మూయడం ఈమధ్య ఆయనకు బాగా అలవాటైపోయింది.

కానీ ఈవేళ ఆయన ఊరుకోదలుచుకోలేదు. టీ తాగుతూ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నారు.

"సరే, బట్టలు ఆరేశాకే వెళ్దాం. అమ్మాయితో కలిపి ముగ్గురం. సముద్రానికి కాదు, కారు చూడ్డానికి. ఎర్ర దాన్ని ఇచ్చేసి వేరేది తీసుకుందామనుకుంటున్నాను. అదీ వాడిన బండే, కానీ దీనికంటే చాలా కొత్తది. నల్లగా నిగనిగలాడుతోంది. పైగా ఆటోమేటిక్."

ఆవిడ చేతిలో కప్పు కాసేపు గాల్లోనే ఆగింది.

"గేరు ఉండదా?"

"ఉండదు. హాయిగా కూర్చోవడమే."

"మీ ఇష్టం" అంది ఆవిడ. ఆ ఇంట్లో 'మీ ఇష్టం' అనే మాటకు అర్థం వేరే ఉందని గోడలకు కూడా తెలుసు.

మందుల షాపులో పనిచేసే కూతురు తల్లి వంక చూసింది. ఏదో అనబోయింది. తల్లి కళ్ళతోనే వద్దంది.

గేరు సంగతి ఇక్కడ చెప్పాలి. ఎర్ర కారు ఇంటికొచ్చిన కొత్తల్లో, నేర్చుకునే వాడెవడో ధడాలున తలుపు వేస్తే మాస్టారి వేళ్ళు నలిగి చెయ్యంతా కట్టు కట్టారు. కట్టు విప్పేదాకా బండి ముట్టుకోకుండా ఉంటే ఆయన మాస్టారు ఎందుకవుతారు? ఒక్క చేత్తో స్టీరింగు పట్టుకుని, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టి, తను క్లచ్ తొక్కి "ఊ" అంటే ఆవిడ గేరు మార్చేది. శిష్యుల్లో ఎవరైనా అలాంటి వేషాలు వేస్తే చెవి మెలేసి కారు దింపేసే మనిషే ఆయన! కట్టు ఊడిపోయింది, అలవాటు మాత్రం ఊడలేదు. కొన్నాళ్ళకు ఆ "ఊ" కూడా అక్కర్లేకపోయింది. ఇంజను గొంతు మారగానే ఆయన కాలూ ఆవిడ చెయ్యీ ఒకేసారి కదిలేవి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు గొప్పగా చెప్పుకున్న మాటలేమీ లేవు. చెప్పుకోవలసినదంతా ఆ సముద్రం రోడ్డు మీద అలాగే చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆయన ఒక్కరే వెళుతున్నారు. క్లచ్ తొక్కుతారు, చెయ్యి స్టీరింగు మీదే ఉండిపోతుంది, ఇంజను గొణుగుతుంది. అప్పుడు గుర్తొచ్చి గేరు మారుస్తారు. ఆవిడకు తనతో వెళ్ళడం విసుగెత్తిందని ఆయన తేల్చేసుకున్నారు. మనిషి విసుగెత్తాడా, బండి విసుగెత్తిందా అని అడిగే ధైర్యం లేక, బండే అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నారు. కొత్తది వస్తే ఆవిడ మళ్ళీ వస్తుంది. రాకపోయినా, గేరు లేని బండిలో ఆవిడ లేని లోటు అంతగా తెలియదు.

ముగ్గురికి ఎర్ర కారు చాలదు కనుక నేర్పే కారులోనే బయల్దేరారు. అందులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. కొత్తవాళ్ళు గోడకు గుద్దకుండా మాస్టారు తొక్కేది అదే. ఆవిడ ఆ సీట్లో, పాదాలు పెడలుకు తగలకుండా పక్కకు పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పాత కార్ల షెడ్డు యజమాని ఒకప్పుడు మాస్టారి దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. ఎదురొచ్చి మరీ తీసుకెళ్ళాడు.

"మాస్టారూ, మీ కోసం ఎవ్వరికీ చూపించకుండా దాచాను. రండమ్మా, రండి. ముందు మీరు కూర్చుని చూడండి. మాస్టారి సంగతి మనకు తెలిసిందే, కారైతే చాలు."

నల్ల కారు నిజంగానే బాగుంది. ఎర్ర దానికంటే వెడల్పు. ఎర్ర దానికంటే కిందికి కూడా ఉంది. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, పక్క సీటు తలుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. కూర్చోవడం కాదు, పడిపోయింది. చెయ్యి దానంతటదే పక్కకు వెళ్ళింది. అక్కడ గేరు కడ్డీ లేదు. గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంది.

"గేరుతో కుస్తీ పట్టే పనే లేదమ్మా. మీరు వేలు కూడా కదపక్కర్లేదు" అన్నాడు యజమాని గర్వంగా.

ఆవిడ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

మాస్టారు ముందుకెళ్ళి బానెట్ ఎత్తించారు. ఇంజను చూశారు, టైర్లు వంగి చూశారు, ఎర్ర బండికి ఏం విలువ కడతావని బేరంలోకి దిగారు. చుట్టూ మరో ఇద్దరు ముగ్గురు చేరారు. పావుగంటకు ఆయన తలెత్తి చూస్తే ఆవిడ అలాగే కూర్చుని ఉంది.

"ఏమోయ్, దిగు మరి. నేను కూడా ఆ సీట్లో కూర్చుని చూడాలి."

"ఇంకాసేపు కూర్చుంటాను" అంది ఆవిడ. మొహం చెమటతో తడిసి ఉంది.

"అమ్మగారికి నచ్చేసింది మాస్టారూ! ఇంక బేరమేముంది?" అని యజమాని పెద్దగా నవ్వాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకు ఆవిడ ఒక కారులో ఇంకాసేపు కూర్చుంటానంది! జేబులోంచి ఎర్ర కారు తాళం తీసి, బండి మధ్యాహ్నం ఎవరినైనా పంపి తీసుకెళ్ళమంటూ చెయ్యి చాచారు. ఆ చేతికి కూతురు అడ్డం వచ్చింది.

"నాన్నా, అమ్మకు నచ్చలేదు. అమ్మ లేవలేకపోతోంది."

నవ్వు ఆగిపోయింది. అందరూ కారులోకి చూశారు. ఆవిడ తల దించుకుంది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద ఉన్నాయి. రెండిటి మీదా బలం మోపి లేవబోయి మళ్ళీ కూలబడింది. మాస్టారు పరుగున వెళ్ళి చంకల కింద చేతులు వేసి లేపబోయారు. లేపడం కూడా ఎలాగో తెలియలేదు. ఆవిడ "అమ్మా" అని గట్టిగా అరిచింది. యజమాని ఒక పక్క, కూతురు ఒక పక్క పడితే గానీ ఆవిడ నిలబడలేకపోయింది.

తిరుగు దారిలో కూతురే వెనక సీట్లోంచి అంది.

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది నాన్నా. సెలూన్లో అన్నేళ్ళు నిలబడి నిలబడి. డాక్టరుకు నేనే చూపించాను. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. అమ్మ సోఫాలో కూర్చోవడం మానేసి ఎన్నాళ్ళయిందో చూశావా? వంటింట్లోకి ఎత్తు స్టూలు ఎందుకొచ్చిందో అడిగావా? కొత్తవాడు క్లచ్ మీద కాలు తప్పుగా పెడితే చూడకుండానే పసిగడతావు కదా!"

మాస్టారిది పొద్దస్తమానం మంది కాళ్ళే చూసే ఉద్యోగం. ఇంట్లో ఒక మనిషి మెట్టు మెట్టుకూ గోడ పట్టుకుంటుంటే ఆయన చూడలేదు. రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు.

"నల్లదీ వద్దు, ఎర్రదీ వద్దు. రేపే ఎర్ర బండి అమ్మేస్తాను. ఎత్తుగా, నీకు ఎక్కడానికి వీలుగా ఉండేది ఏదైనా..."

కారు కీచుమని ఆగిపోయింది. మాస్టారు స్టీరింగు మీదికి తూలారు. ఆవిడ తన ముందున్న బ్రేకు తొక్కేసింది. వీధి ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది.

"అదిగో, ఆ మాట అంటారనే చెప్పలేదు" అంది ఆవిడ. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. "చెబితే ఆ క్షణమే అమ్మేస్తారని నాకు తెలుసు. ఆ బండిని మీరు ఎలా చూసుకుంటారో చూస్తూనే ఉన్నాను. నా కోసం అది వదులుకుంటే, ఇంక నన్ను చూసినప్పుడల్లా మీకు అదే గుర్తొస్తుంది. ఆ చూపు నేను పడలేను."

"అలా అని నాకు చెప్పకుండా నొప్పి పడతావా?"

"నొప్పి ఎలాగూ పడేదే. సముద్రం దగ్గర టీ బడ్డీ ముందు ఒకసారి దిగలేకపోయాను. మీరు అటు వెళ్ళి ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఇద్దరు పిల్లలు చూసి నవ్వారు. అప్పటి నుంచి రావడం మానేశాను." పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అది సరే. ఇవాళ మీరు గేరు లేని బండి అన్నారు. నా కాళ్ళు ఎలాగూ పోయాయి, పోనీలే, చెయ్యి ఉంది కదా అనుకున్నాను. ఆ చెయ్యి కూడా మీకు అక్కర్లేదన్నారు."

మాస్టారు ఇంజను ఆపేశారు. ఇంత వయసొచ్చాక కూతురి ముందు చెప్పాల్సిన మాటా ఇది అనిపించింది. అయినా చెప్పారు.

"అక్కర్లేక కాదే. ఇన్ని నెలలుగా క్లచ్ తొక్కినప్పుడల్లా నీ చెయ్యి వస్తుందని చూస్తున్నాను. రాదు. ప్రతిసారీ రాదు. సముద్రం చేరేలోగా ఎన్నిసార్లు మార్చాలి గేరు? అన్నిసార్లూ నువ్వు లేవని తెలుస్తూనే ఉంటుంది. గేరే లేని బండయితే ఆ బాధ ఉండదనుకున్నాను. నేనంటేనే నీకు విసుగొచ్చిందనుకున్నాను."

ఆవిడ తలెత్తి చూసింది. మాస్టారి కళ్ళలో నీళ్ళు ఆవిడ చూసింది చాలా తక్కువ సార్లు.

"విసుగేమిటండీ..." అంది. వెనక కూర్చున్న కూతురు ముక్కు చీదుకుని, "ఇద్దరికీ నోళ్ళున్నాయి కదా, ఎందుకవి?" అంది. ఏడుస్తూనే ముగ్గురూ నవ్వారు.

మర్నాడు షెడ్డు యజమాని ఫోన్ చేశాడు. "మా ఆవిడకు గేరు లేకపోతే కుదరదటయ్యా" అన్నారు మాస్టారు. అతనికేం అర్థమైందో గానీ ఇంకేం అడగలేదు.

ఆ వారమంతా సాయంత్రాలు ఇంటి ముందు కొత్త పాఠం నడిచింది. కూతురు డాక్టరును అడిగి తెచ్చిన గట్టి దిండు సీటు మీద వేశారు. మాస్టారు తలుపు పక్కన నిలబడి, శిష్యులకు చెప్పే గొంతుతోనే చెప్పారు. "తొందరేం లేదు. ముందు మనిషి మొత్తం ఇటు తిరగాలి. ఇప్పుడు రెండు కాళ్ళూ కలిపి బయటికి. ఊ, నా చేతులు పట్టుకో. నువ్వు లేవకు, నేను లేపుతాను." ఇరుగుపొరుగు గుమ్మాల్లోంచి చూశారు. మొదటి రోజు ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత తర్వాత, చూస్తున్న వాళ్ళను తనూ తిరిగి చూసింది.

ఆదివారం ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరారు. వీధి మలుపు తిరిగాక ఇంజను గొంతు మారింది. మాస్టారు క్లచ్ తొక్కారు. చెయ్యి స్టీరింగు మీదే ఉంచారు. మనసులో చిన్న భయం. పక్కనుంచి గాజుల చప్పుడు వినిపించింది. గేరు పడింది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు.

సముద్రం దగ్గర టీ బడ్డీ ముందు ఆదివారం జనం నిండుగా ఉన్నారు. మాస్టారు ఎవరూ లేని చోటు కోసం కారును ఇంకా ముందుకు పోనివ్వబోయారు.

"ఇక్కడే ఆపండి" అంది ఆవిడ.

ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి, తలుపు తెరిచారు. బెంచీ మీద కుర్రాళ్ళు మాటలాపి చూస్తున్నారు. ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. రెండు కాళ్ళూ కలిపి బయట పెట్టింది. పమిట సర్దుకుని, తలెత్తి, అంతమంది ముందూ రెండు చేతులూ ఆయన వైపు చాచింది.

"ఊ" అంది.