మొదటి యూజర్

టవర్ కింద ఇనుప గదిలో టెక్నీషియన్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. టిఫిన్ డబ్బా మూత సగం తీసి ఉంది. గ్రీజు వాసన రావలసిన గదిలో ఖరీదైన సెంటు వాసన గుప్పుమంటోంది. టెలికాం కంపెనీ వారు గుండెపోటని ప్రకటించి, కుటుంబానికి సానుభూతి తెలిపి, సాయంత్రానికల్లా ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు.

"గుండెపోటు కాదు," అన్నారు మాస్టారు, టెక్నీషియన్ ఫోటోను బల్ల మీద తిప్పి పెడుతూ. "పోయేముందు హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. కంపెనీ రికార్డుల్లో లేని టవర్ ఒకటి ఊళ్ళో తిరుగుతోందని చెప్పాడు. టవర్ తిరగడమేమిటని వాళ్ళు నవ్వారు."

మాస్టారంటే గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. బల్లకు ఇవతల కూర్చున్నది పిన్ని. కుర్ర ఏజెంట్లు 'పిన్నీ' అని పిలవడం మొదలుపెడితే, చివరికి చీఫ్ నోటికి కూడా అదే అలవాటైపోయింది. ఆమెకు లిఫ్ట్ అంటే భయం, కుక్కంటే భయం, మోగవలసిన వేళకు మోగని ఫోనంటే మరీ భయం. డిపార్ట్‌మెంట్‌లో ధైర్యవంతులు చాలామంది కారిడార్ గోడ మీద ఫోటోలుగా మిగిలారు. పిన్ని మాత్రం ఇంకా జీతం తీసుకుంటోంది.

"వ్యాన్‌లో దొంగ టవర్ పెట్టుకుని తిరుగుతున్నారు," అన్నారు మాస్టారు. "చుట్టుపక్కల ఫోన్లన్నీ దాన్నే అసలు టవర్ అనుకుని అతుక్కుంటాయి. మాటలన్నీ వాళ్ళ చెవిన పడతాయి. కావాలంటే అన్నిటి గొంతూ ఒకేసారి నొక్కేస్తారు. విదేశీ ముఠా. ఎల్లుండి రక్షణ శాఖ శాస్త్రవేత్తల మీటింగ్ ఉంది. వాళ్ళ గురి దాని మీద."

"వ్యాన్‌ను పట్టుకుంటే సరిపోతుంది కదా సార్?"

"రోజుకో రంగు, పూటకో నంబర్ ప్లేటు. దాని జాడ తెలిసింది ఒక్క వెబ్‌సైట్‌కే." ఆయన ల్యాప్‌టాప్ ఆమెవైపు తిప్పారు. "ఎక్కడ నిలబడితే సిగ్నల్ వస్తుందో చెప్పే మ్యాప్. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తెరిచి చూసుకుంటారు. తెరిచిన ప్రతి ఫోనూ 'ఉన్నాను, ఉన్నాను' అని సైట్‌కు చెబుతూ ఉంటుంది. ఒకచోట ఫోన్లన్నీ ఒక్కసారే మూగబోతే మ్యాప్ మీద నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చ కొన్నాళ్ళుగా వీధులు మారుతోంది. సైట్ చేసినవాడికి అదేమిటో తెలియదు. ముఠాకు తెలిసిపోయింది."

పిన్ని స్క్రీన్ వంక చూసింది. ఆకుపచ్చ మ్యాప్. దాని మీద నారింజ రంగు బటన్లు. ఆ బటన్లను ఆమె తన ఇంట్లో, భోజనాల బల్ల మీద, కూరగిన్నెల మధ్య ఎన్నోసార్లు చూసింది.

"సార్, ఇది మా తమ్ముడు చేసిన..."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

తమ్ముడు పగలంతా ఒక ఫోన్ కంపెనీ కంప్లయింట్ల విభాగంలో జనం తిట్లు వింటాడు. సెలవు దొరికితే చాలు, చిన్న చిన్న వెబ్‌సైట్లు కడతాడు. సగం కట్టాక ఇంకో ఐడియా వస్తుంది, పాతది అక్కడే వదిలేస్తాడు. టెలికాం కంపెనీల ఊసెత్తితే వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "సిగ్నల్ లేదంటే ఒక కంపెనీ మేడెక్కమంటుంది, ఇంకో కంపెనీ కిందికి దిగమంటుంది. మధ్య అంతస్తులో ఉన్నవాడు ఏ గోడకు చెప్పుకోవాలక్కా?" అంటాడు అన్నం కలుపుతూ. వాడు పూర్తిచేసిన సైట్ ఈ మ్యాప్ ఒక్కటే. చూసేవాళ్ళు చూసి పోతారే తప్ప, బాగుందని రాసిన పాపాన పోలేదు ఒక్కరూ.

మొన్న రాత్రి మాత్రం వాడు కాలు కింద పెట్టలేదు. "అక్కా, ఒకావిడ రాసింది! మ్యాప్ అద్భుతంగా ఉందట. చిన్న తప్పు కనబడిందట, కాఫీ షాపులో కలిస్తే చూపిస్తానంది. నా మొదటి యూజర్!" అని ఇల్లంతా తిరిగాడు. మంచి చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళరా అని సలహా ఇచ్చింది తనే.

"ఆ రాసింది ముఠా మనిషే," అన్నారు మాస్టారు. "కానీ కంగారుపడకు, మన మనిషి కూడా. డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ నెమలి. మీ తమ్ముణ్ణి అక్కడికి రప్పించమని ముఠా ఆమెకే పని అప్పగించింది. వ్యాన్ బయట ఆగగానే ఆమె తెల్ల రుమాలు తీసి బల్ల మీద పెడుతుంది. నువ్వు సైగ అందుకుని మాకు చెబుతావు."

"వాణ్ణి వెళ్ళొద్దని చెప్పేస్తాను సార్. కాలు విరిగిందని అబద్ధమాడిస్తాను."

"ఇవాళ వాడు రాకపోతే వ్యాన్ రాదు. రేపు వాళ్ళే మీ ఇంటికొస్తారు. అప్పుడు నెమలి ఉండదు, నువ్వూ ఉండవు."

పిన్ని కొంగు చివర నలిపింది. "నెమలిని నేను నమ్ముతాను సార్. నా భయం నమ్మడం లేదు. వ్యాన్ ఫోన్లు నొక్కేస్తే నేను మీకెలా చెప్పను? మీరు ఈ మ్యాప్ తెరిచి పెట్టుకోండి. కాఫీ షాపు దగ్గర నల్ల మచ్చ పడిందా, ఎవరి సైగా వద్దు, వచ్చేయండి."

"సరే. మనవాళ్ళు రెండు వీధుల అవతల ఉంటారు. ఇంకా దగ్గరికొస్తే వాళ్ళ వైర్‌లెస్‌ను వ్యాన్ పసిగడుతుంది."

మారువేషం వేసుకుని కాఫీ షాపు మెట్లెక్కుతున్నప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, తమ్ముడు ఓసారి విసుక్కున్న సంగతి. "ఉచిత సర్వర్ కదక్కా, మ్యాప్ పది నిమిషాలకోసారే మారుతుంది." ఫోన్‌లో చెబితే వ్యాన్ చెవిన పడొచ్చు, వెనక్కి వెళ్ళి మాస్టారికి చెప్పే వ్యవధి లేదు.

నీలం ఓవరాల్, కనుబొమల దాకా దించిన టోపీ, ముక్కు మీదుగా మాస్క్. కాఫీ మెషిన్ మెకానిక్ వచ్చిందని కౌంటర్ కుర్రాడు పక్కకు జరిగాడు. పిన్ని మెషిన్ వెనక స్పానర్ పట్టుకుని నిలబడింది. ఆమె చేతికున్న వాచీ టైముతోపాటు ఫోన్ ఏ టవర్‌కు అతుక్కుందో కూడా చెబుతుంది. అసలు టవరైతే పచ్చ చుక్క, దొంగదైతే ఎర్ర చుక్క. ప్రస్తుతం పచ్చగానే ఉంది.

నెమలి వచ్చింది. ముదురాకుపచ్చ పట్టు గౌను, భుజం మీద చిన్న సంచీ. షాపులో అందరి తలలూ తిరిగాయి. ఆమె తిన్నగా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"నురగ రావడం లేదు," గొణిగింది పిన్ని.

"పాలు కొత్తవేమో," అంది నెమలి.

"మెషినే పాతది."

కోడ్ కలిసింది. పిన్ని ఊపిరి పీల్చుకుంది. ఇస్త్రీ చొక్కాలో, ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా గుండెలకు హత్తుకుని తమ్ముడు లోపలికి వచ్చాడు. వాడి ముఖంలో వెలుగు చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

వాడు చెబుతున్నాడు, నెమలి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. అంతలో వాచీలో చుక్క ఎర్రబడింది. మూల కూర్చున్న పెద్దాయన "హలో, హలో" అంటూ ఫోన్‌ను దులిపాడు. అద్దం బయట బూడిదరంగు వ్యాన్ ఆగి ఉంది.

ఇప్పుడు రుమాలు తీయాలి. పిన్ని కళ్ళార్పకుండా చూసింది. నెమలి రుమాలు తీయలేదు.

"ఇంత గొప్ప పని," అంది నెమలి మెత్తగా, "మీరు కాక దీన్ని నడిపేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? పాస్‌వర్డ్‌లు తెలిసినవాళ్ళు?"

"ఎవరూ లేరండీ. అంతా నేనొక్కణ్ణే," అన్నాడు తమ్ముడు గర్వంగా.

పిన్ని పైప్రాణాలు పైనే పోయాయి. కాపాడడానికి వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న కాదది. వీడు పోతే మ్యాప్ కూడా పోతుందా లేదా అని తేల్చుకోవడానికి అడిగే ప్రశ్న. నెమలి ఎప్పుడో అటు తిరిగిపోయింది.

"ఆ తప్పు నా ఇంకో ఫోన్‌లోనే కనిపిస్తుంది. బయట బండిలో ఉంది. వస్తారా?" అంటూ నెమలి సంచీ తెరిచి చిన్న సెంటు సీసా తీసి అరచేతిలో ఇముడ్చుకుంది.

తమ్ముడు ఠక్కున లేచాడు. తన సైట్‌లో తప్పు చూపిస్తానంటే వాడు పులి బోనులోకైనా వస్తాడు. తుపాకీ తీస్తే మధ్యలో వాడున్నాడు. అరిస్తే ఆ సీసా వాడి ముక్కుకు జానెడు దూరంలో ఉంది. మచ్చ పడిందో లేదో తెలియదు. ఆమెకు కావలసింది కాసిన్ని నిమిషాలు. వాడు అప్పుడే తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

మెచ్చుకునేవాళ్ళ వెంట వెళ్తున్న వాణ్ణి ఆపగలిగేది ఒక్కటే ఉంది. పిన్ని జేబులోంచి, మ్యాప్ ముందే తెరిచి ఉంచిన ఫోన్ తీసి, గొంతు బొంగురు చేసుకుని, కౌంటర్ కుర్రాడితో షాపంతా వినబడేలా అంది:

"సిగ్నల్ మ్యాపట, చూశావా ఇది? ఏం బటన్లయ్యా ఇవి, కళ్ళు పోయేలా! చేసినవాడెవడో గానీ, కళ్ళు మూసుకుని చేసినట్టున్నాడు."

తమ్ముడి చెయ్యి పిడి మీదే ఆగిపోయింది.

"రండి," అంది నెమలి.

"ఒక్క నిమిషమండీ." వాడు వెనక్కి తిరిగి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఏమండీ మెకానిక్ గారూ, అది నారింజ రంగు ఎందుకు పెట్టారో తెలుసా మీకు? ఎండలో నిలబడ్డవాడికి కనబడాలని!"

"నీడలో ఉన్నవాడు ఏం పాపం చేశాడు? పైగా వెనక్కి వెళ్ళే బటన్ లేదు."

"మ్యాప్‌లో వెనక్కి ఎందుకండీ వెళ్ళడం?"

"ముందుకు పోతే సిగ్నల్ లేదుగా!"

వాడు కౌంటర్ మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. అక్షరాల సైజు గురించి చెప్పాడు. రంగుల గురించి చెప్పాడు. పిన్ని ప్రతిదానికీ పెదవి విరిచింది. మాస్క్ లోపల చెమట కారి పెదవులు ఉప్పగా ఉన్నాయి. వాడిలా తన మీద కోపంతో ఊగిపోతూ ఇంకో వందేళ్ళు ఎదురుగా నిలబడితే చాలని మొక్కుకుంది.

నెమలి ముఖంలో నవ్వు పలచబడింది. బయట వ్యాన్ హారన్ కొట్టింది. ఆమె ఇక ఆగలేదు. వాడి భుజం మీద ఆప్యాయంగా ఒక చెయ్యి వేసి, రెండో చెయ్యి వాడి ముఖం పక్కకు తెచ్చింది. సీసా మూత ఊడింది. వేలు దాని తల మీదికి వెళ్ళింది.

పిన్ని ఆవిరి గొట్టం తిప్పింది. బుస్సుమంటూ వచ్చిన ఆవిరి నెమలి మణికట్టును తాకింది. సీసా జారి మెషిన్ కింది నీళ్ళ పళ్ళెంలో పడింది. పిన్ని కౌంటర్ మీదుగా దూకి తమ్ముణ్ణి మెడ పట్టుకుని కిందికి లాగి, వాడి మీద తను పడింది. వీధిలో టైర్లు కీచుమన్నాయి. బూట్ల చప్పుడు, వ్యాన్ తలుపు బద్దలైన చప్పుడు, ఆ వెంటనే షాపులో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వాచీలో చుక్క పచ్చబడింది.

"అక్కా?" అన్నాడు తమ్ముడు నేల మీదనుంచి. మాస్క్ ఎప్పుడో ఊడిపోయింది. "నువ్వు బీమా ఆఫీసులో కదా పనిచేసేది?"

"ఇదీ ఒకరకం బీమానేరా," అంది పిన్ని. వాణ్ణి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు లోపలికి వచ్చి, ఆ ఏడుపు అయ్యేదాకా కాఫీ షాపు మెనూ చదువుతూ నిలబడ్డారు.

విచారణలో నెమలి నోరు విప్పలేదు. ముఠా ఏ దేశానిదో చెప్పలేదు, తనెప్పుడు అమ్ముడుపోయిందో చెప్పలేదు, టెక్నీషియన్ గురించి అడిగితే గోడవైపు చూసింది. చివరికి అధికారి పెన్ను మూసేస్తుంటే మాత్రం, "ఒక్క మాట రాసుకోండి," అంది. "ఆ మెకానిక్ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ బటన్లు నిజంగానే ఘోరంగా ఉన్నాయి."

ఫైలు సంతకానికి పిన్ని దగ్గరికి వచ్చింది. ముఠా గుట్టు, వ్యాన్ నమూనా, అరెస్టయినవాళ్ళ పేర్లు ఉన్న పేజీల మీద ఆమె మామూలు 'రహస్యం' ముద్ర వేసింది. బటన్ల మాట ఉన్న ఆ ఒక్క పేజీ మీద మాత్రం 'అత్యంత రహస్యం' అని రెండుసార్లు గుద్ది, బీరువాలో పెట్టి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.