కాకినాడ ముద్ర పట్టీ

"ఇప్పుడేమంటున్నాడమ్మా?" అని అడిగాడు డాక్టర్ ఎలీషా.

"కుర్చీలో కూర్చుంది చూడు, దీనికి కూర్చునే అర్హత ఉందా అంటున్నాడు," అంది ఇందుజ, కళ్లు మూసుకునే.

గదిలో డాక్టరు, ఇందుజ, మూలనున్న స్టూలు అంచున ఇందుజ తల్లి ప్రశాంతి గారు తప్ప ఇంకెవరూ లేరు. అయినా ఇందుజకి ఇంకో మనిషి వినిపిస్తున్నాడు. కొన్నేళ్లుగా వినిపిస్తూనే ఉన్నాడు. ఆమె లేస్తే "అదిగో లేచింది" అంటాడు. మంచినీళ్లు తాగితే "అదిగో తాగుతోంది, సిగ్గు లేకుండా" అంటాడు. క్రికెట్ కామెంటరీ చెప్పేవాడికైనా మధ్యలో టీ విరామం ఉంటుంది గానీ వీడికి అదీ లేదు.

ఎలీషా టేబుల్ మీద స్విచ్ నొక్కాడు. ఇందుజ మెడకి కట్టిన సన్నటి పట్టీ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. మరుక్షణం పట్టీ 'జుం' మంది. ఇందుజ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"వాడు మాట్లాడాడా?"

"మాట్లాడాడు సార్. వాడు నోరు తెరవగానే ఇక్కడ జుంమంది." మళ్లీ మోగింది. మళ్లీ. ఇందుజ నెమ్మదిగా చెయ్యెత్తి తన గొంతు పట్టుకుంది. "సార్... వాడి మాట నా గొంతులోంచి వస్తోందా?"

"అవునమ్మా."

ఆ పిల్ల ముందు నవ్వింది, ఆ తర్వాత భోరుమని ఏడ్చింది, చివరికి కోపం తెచ్చుకుంది. "అంటే ఇన్నాళ్లూ నన్ను తిట్టింది నేనేనా?"

"కాదు. నీ మెదడు ఒక మాట పుట్టించి, దాని మీద నీ పేరు రాయడం మర్చిపోయింది. పేరు లేదు కదా అని దాన్ని ఎవరో పంపారనుకున్నావు. ఇందులో నీ తప్పూ లేదు, మీ అమ్మ పెంపకంలో తప్పూ లేదు."

మూలనున్న ప్రశాంతి గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఆ రెండో మాట కోసం ఆవిడ ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో డాక్టరుకి తెలీదు.

ఇక్కడ కాస్త సైన్స్ చెప్పుకోవాలి. భయపడకండి, చివర్లో పరీక్ష పెట్టను. మన ఇంటి తలుపు మనమే తీస్తే అదెంత కిర్రుమన్నా పట్టించుకోం. అదే తలుపు, మనం మంచం మీద పడుకుని ఉండగా కిర్రుమంటే గుండె ఝల్లుమంటుంది. రెండుసార్లూ చప్పుడు ఒకటే. 'తీసింది నేనే' అన్న కబురు మెదడుకి ముందే అందిందా లేదా అన్నదే తేడా. మనసులో మాట అనుకున్నప్పుడు కూడా గొంతు కండరాలు కనీ కనిపించకుండా కదులుతాయనీ, అదే సమయంలో మాట పుట్టే చోటు నుంచి వినే చోటుకి 'ఇది మనదే' అని ఒక సిగ్నల్ వెళ్తుందనీ, స్కిజోఫ్రీనియాలో ఆ సిగ్నల్ సరిగ్గా అందదనీ ఎలీషా సిద్ధాంతం. ఆ సిగ్నల్‌కి ఆయన 'ముద్ర' అని పేరు పెట్టాడు. పట్టీ ముందు భాగంలో గొంతు కదలికని పట్టే సెన్సర్, చెవి వెనక మెదడు తరంగాలు చదివే ఎలక్ట్రోడ్ ఉంటాయి. గొంతు కదిలి ముద్ర పడకపోతే పట్టీ ఆ క్షణంలోనే మోగుతుంది. మాట నిజంగా బయటి మనిషిదైతే గొంతు కదలదు కాబట్టి పట్టీ కూడా మెదలదు. అలా మోగుతూ మోగుతూ, కొన్ని నెలల్లో మెదడుకి ముద్ర వెయ్యడం అలవాటు చేస్తుంది.

మందులు మాత్రం మానిపించలేదు. మాత్రలతో ఇందుజకి నిద్ర పట్టింది, ఎవరో తరుముతున్నారన్న భయం పోయింది. కామెంటరీ ఒక్కటే మొండిగా మిగిలింది. పట్టీ ఆ మిగిలినదాని కోసం.

ఆ రోజుల్లో కాకినాడలో మాట్లాడని వస్తువు లేదు. డ్రైవర్ లేని ఆటోలు "రండమ్మా రండి, జగన్నాథపురం" అని పిలిచేవి. కాజాల కొట్టు బోర్డు పేరు పెట్టి పలకరించేది. కరెంటు స్తంభం సైతం "వాన వచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకోలేదేం?" అని మందలించేది. మామూలువాళ్లకే తల వాచిపోయే ఊళ్లో, లేని గొంతు కూడా వినిపించే మనిషి ఎలా బతుకుతుంది? ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన కొత్తలోనే ఇందుజ ఒక స్తంభంతో వాదనకి దిగింది. ఆ స్తంభం పాడైపోయి అప్పటికి నెల. వీధిలో ఎవరూ చూడకముందే తల్లి ఆమెని ఇంట్లోకి లాక్కెళ్లి తలుపేసింది.

ఆవిడ పేరు ప్రశాంతి గానీ మనిషిలో ఆ ఛాయలేవీ లేవు. భర్తకి పోర్టులో ఉద్యోగం, ఇంట్లో మాట ఆవిడది. కూతురికి ఇలా అయిందని తెలిస్తే రామారావుపేటలో తలెత్తుకు తిరగలేమని, అమ్మాయి సివిల్స్ కోచింగ్‌కి ఢిల్లీ వెళ్లిందని చెప్పింది. గొప్ప అబద్ధం. ఢిల్లీలో కోచింగ్ అంటే ఎన్నేళ్లయినా ఎవరూ ఏమీ అడగరు. మొదటి ఏడు ప్రిలిమ్స్ కొద్దిలో పోయిందంది. తర్వాతి ఏడు మెయిన్స్ రాయించింది. మొన్నటికి ప్రశాంతి గారు కూతుర్ని ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లారు. అసలు కూతురు మాత్రం మేడ మీద గదిలో కర్టెన్లు వేసుకుని కూర్చుని ఉండేది, ఆస్పత్రికి వెళ్లాలంటే నల్లద్దాల కారు.

పట్టీ కట్టిన కొన్ని నెలలకి కామెంటరీ చాలావరకు చప్పబడింది. అప్పుడు డాక్టరు చివరి పరీక్ష సంగతి ఎత్తాడు.

"ఇందుజ వాళ్ల వీధిలో, తెలిసినవాళ్ల మధ్య నడవాలండీ. వాళ్లు నిజంగా అన్న మాటకీ, తనకి వినిపించే మాటకీ తేడా పట్టుకోగలగాలి. ఈ గదిలో ఎంత బాగున్నా లాభం లేదు. అది నెగ్గితేనే మళ్లీ కాలేజీకి వెళ్లొచ్చని నేను ధైర్యంగా రాసివ్వగలను."

"నేను రెడీ సార్," అంది ఇందుజ. "నాకు మళ్లీ పాఠం చెప్పాలనుంది. గోడలకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది."

"ఆ ఒక్కటీ అడక్కండి డాక్టరుగారూ!" ప్రశాంతి గారు లేచి నిలబడ్డారు. "ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్ల మెడకి పట్టీ కట్టుకుని వీధిలో తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు?"

ఎలీషా సైంటిస్టు. ఏ మాటైనా ఉన్నదున్నట్టే తీసుకుంటాడు. "ఎవరండీ ఆ నలుగురు?"

"ఎవరంటే... అందరూనండీ. ఎదురింటి కనకరత్నం గారు లేరూ? 'ఇదేనా నువ్వు పిల్లని పెంచిన తీరు' అని మొహం మీదే అంటారు."

"అన్నారా?"

"అనడమేంటండీ, నాకు పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటే!"

ఇందుజ, డాక్టరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందుజ మెల్లగా తన పట్టీ విప్పి తల్లి మెడకి కట్టింది.

"ఇదేంటే?"

"ఏం లేదమ్మా. కనకరత్నం అత్తయ్యగారు ఏమంటారో ఇంకోసారి అనుకో."

ప్రశాంతి గారు అనుకున్నారు. పట్టీ జుంమంది.

ఎలీషా గబగబా వచ్చి ఎలక్ట్రోడ్ తుడిచాడు. మళ్లీ జుం. బీరువాలోంచి కొత్త పట్టీ తెచ్చి కట్టాడు. అది ఇంకా గట్టిగా మోగింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఈవిడకి జబ్బేమీ లేదు. వినిపిస్తుందన్నది మాటవరసకే, నిజంగా చెవికి ఏ గొంతూ వినపడదు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. గొంతు కదులుతోంది, ముద్ర మాత్రం పడటం లేదు.

"మీ మిషన్ పాడైందండీ," అన్నారు ప్రశాంతి గారు.

"అమ్మా," అంది ఇందుజ, "నాకు మోగినప్పుడు మిషన్ మంచిదే. నీకు మోగితే పాడైందా?"

ప్రశాంతి గారు మెడ మీది పట్టీని తడిమి చూసుకున్నారు. కూతుర్ని మేడ మీద దాచింది వీధి కోసం అనుకుంది ఇన్నాళ్లూ. ఆ వీధి తన గొంతులోనే ఉందని ఈ పట్టీ అంటోంది. ఆవిడ కూతురి రెండు చేతులూ పట్టుకుని, "రేపు సాయంత్రం వెళ్దాం. అందరూ బయట కూర్చునే వేళే," అంది.

మర్నాడు సాయంత్రం మెడకి మళ్లీ పట్టీ కట్టుకుని, మేడ మెట్లు దిగి, గేటు తీసుకుని ఇందుజ వీధిలోకి వచ్చింది. వెనక తల్లి, నాలుగడుగుల దూరంలో డాక్టరు. ఆటో ఒకటి "రండమ్మా రండి" అంది. పట్టీ మోగలేదు. నిజమైన ఆటోయే. స్తంభం ఏదో సలహా చెప్పింది. పట్టీ మోగలేదు. పది అడుగులు వేసిందో లేదో, పాత గొంతు బుసకొట్టింది: "అందరూ నిన్నే చూస్తున్నారు."

జుం.

"నాదే," అని గొణుక్కుంది ఇందుజ. ఊపిరి పీల్చుకుని ఇంకో అడుగు వేసింది.

"అందరూ నిన్నే చూస్తున్నారే అమ్మడూ!"

పట్టీ మోగలేదు. ఇందుజ చటుక్కున తలెత్తింది. ఎదురింటి గేటు దగ్గర కనకరత్నం గారు, చేతిలో సగం కట్టిన మల్లెల మాల, నోరంతా నవ్వు. "ఎన్నాళ్లకి కనిపించావే! ఎంత తెల్లబడిపోయావు ఎండ తగలక! ఇలా రా, పూలు పెట్టించుకుందువుగాని."

ఇందుజకి నవ్వాగలేదు. అదే మాట రెండుసార్లు విన్నది, ఒకటి తనది, ఒకటి లోకానిది. రెండూ విడివిడిగా, స్పష్టంగా, తెలుగు వాచకంలో అక్షరాల్లా కనిపిస్తున్నాయి. నడివీధిలో నిలబడి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. డాక్టర్ ఎలీషా, అంత పెద్దమనిషి, చప్పట్లు కొట్టేశాడు.

"అత్తయ్యగారూ, నేను ఢిల్లీ వెళ్లలేదండీ," అంది ఇందుజ, తలలో పూలు పెట్టించుకుంటూ. "నాకు స్కిజోఫ్రీనియా వచ్చింది. మందులు వాడుతున్నాను. ఇప్పుడు బాగున్నాను."

"తెలుసులేవే."

"తెలుసా?" ప్రశాంతి గారి గొంతు కీచుమంది.

"ఢిల్లీలో ఉన్న పిల్ల చుడీదార్లు మీ డాబా మీద ఎండుతుంటే తెలీదేంటి ప్రశాంతీ? వీధంతటికీ తెలుసు. అడిగితే నువ్వు బాధపడతావని ఎవరమూ నోరెత్తలేదు. పైగా నువ్వేమో ఏటేటా ప్యాసు చేయించుకుంటూ పోతున్నావు. కలెక్టర్ని చేసేశాక ఏం చేస్తావా అని మా అందరికీ ఒకటే బెంగ."

ప్రశాంతి గారు అక్కడే అరుగు మీద కూలబడి, సిగ్గు లేకుండా, హాయిగా ఏడ్చారు.

తర్వాతి నెల నుంచి ఇందుజ మళ్లీ కాలేజీకి వెళ్లింది. పట్టీ మోగడం అరుదైపోయి, చివరికి మానేసింది. మెదడు ముద్ర వెయ్యడం నేర్చుకుంది. ఎలీషా వైద్యం చేసిన మరికొంతమంది కూడా అలాగే వీధుల్లోకి, పనుల్లోకి, పెళ్లి భోజనాల పంక్తుల్లోకి వచ్చారు. ఇక పట్టీకి ప్రభుత్వ అనుమతి రావడమే మిగిలింది.

చిక్కు అక్కడ వచ్చింది. నిపుణుల కమిటీ ఒక నియమం పెట్టింది: జబ్బు లేనివాళ్లకి కూడా పట్టీ కట్టి చూడాలి, వాళ్లకి మోగకూడదు. దీన్ని కంట్రోల్ గ్రూప్ అంటారు. ఎలీషా ఊళ్లో నిక్షేపంగా ఉన్నవాళ్లని పోగుచేశాడు. జుట్టుకి రంగెయ్యడం మానేస్తే ఎలా ఉంటుందని ఒక బ్యాంకు మేనేజర్ని అడిగాడు. జుం. మీ అబ్బాయి ఇంజనీరింగ్ మానేసి వంట నేర్చుకుంటానంటే అని ఒక లాయర్ని అడిగాడు. ఆ మోతకి లాయరు కుర్చీలోంచి లేచిపోయాడు. భార్య పోయిన ఒక హెడ్మాస్టర్‌ని మళ్లీ పెళ్లి చేసుకుంటారా అని అడక్కముందే మోగింది. విసిగిపోయి ఎలీషా తనే కట్టుకున్నాడు. ఈ ప్రయోగం పాడైతే సీనియర్లు ఏమంటారో అనిపించింది, అంతే, జుం. కాకినాడ అంతా గాలించినా మోగని మెడ దొరకలేదు. తీరా చూస్తే ఒకే ఒక్క మనిషికి, ఏమడిగినా, ఎలా అడిగినా, పట్టీ చడీచప్పుడు చెయ్యలేదు.

కమిటీ కాకినాడ వచ్చిన రోజున ఎలీషా ఆమెని హాల్లోకి తీసుకొచ్చాడు. "కంట్రోల్ గ్రూప్ అండీ," అన్నాడు.

"ఒక్కరేనా?" అన్నాడు ఛైర్మన్. ఆయన సరదాకి ఒక పట్టీ మెడకి కట్టించుకుని కూర్చున్నాడు. "ఎవరీ అమ్మాయి?"

"ఇందుజ. మా మొదటి పేషెంటు."

హాలంతా గుసగుసలు. ఛైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి, జబ్బు మనుషులు లేచి తిరుగుతున్నారు, పట్టీకి అనుమతి ఇవ్వక తప్పదని ఆయనకీ తెలుసు. అయినా ముందుకి వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "అది కాదు డాక్టరుగారూ. స్కిజోఫ్రీనియా వచ్చిన పిల్లని నార్మల్ మనిషని రాసి మేం సంతకం పెడితే, రేపు నలుగురూ ఏమంటారండీ?"

జుం.

గుసగుసల మధ్య కూడా అది హాల్లో అందరికీ వినిపించింది. ఛైర్మన్ బిత్తరపోయి మెడ పట్టుకున్నాడు. ఇందుజ లేచి ఆయన దగ్గరికి వెళ్లి, పట్టీ కాస్త వదులు చేసి, భుజం మీద చెయ్యి వేసింది.

"కంగారు పడకండి సార్," అంది ఎంతో ఆప్యాయంగా. "మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది. తగ్గిపోతుంది."