ముట్టనన్న పుండు

బ్యూటీ పార్లర్‌లో ఒక కోడలి పని కాళ్ళు కడగడం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందుల్లో మట్టి కూడా తీసేది. ఇంట్లో మంచాన పడ్డ అత్త వీపు మీద పుళ్ళు మాత్రం ముట్టుకునేది కాదు. ఆ చీము వాసనకి ముక్కు మూసుకుని గడప దగ్గరే ఆగిపోయేది.

ఒకరోజు తెల్లవారుజామున ప్రార్థనలో ఉండగా, దేవుడి మాట స్పష్టంగా వినబడింది.

"మీ అత్త పుళ్ళు కడుగు."

విననట్టే లేచిపోయింది. మంచం పక్కన అన్నం, నీళ్ళు పెట్టి, గదికి బయటినుంచి గొళ్ళెం వేసేసింది. ఇక రోజూ అంతే. దిక్కులేనివాళ్ళకి దేవుడే దిక్కంటారు. ఆ దేవుడి మాటే కాదంది మరి. అది మొదలు, ప్రార్థనకి నోరు తెరిస్తే చాలు... కుళ్ళు కంపు. తన నోట్లోంచే.

ఓ మధ్యాహ్నం పార్లర్‌కి ఒకావిడ వచ్చింది. మొహం నిండా ప్యాకు, కళ్ళ మీద దూది. కోడలు ఆవిడ పాదాలు టబ్బులో పెట్టి రుద్దుతోంది. నురగ పచ్చబడింది. చిక్కబడింది. వేళ్ళకి తీగలు సాగింది... మడమ మీది తోలు, పాల మీద మీగడలా చేతిలోకి వచ్చేసింది.

"బాగానే కడుగుతావే..." ఆవిడ గుసగుసలాడింది. అచ్చం అత్త గొంతు. "ఇంట్లో ఎప్పుడు?"

కోడలు తడి చేతులతోనే ఇంటికి పరిగెత్తింది. గొళ్ళెం తియ్యగానే కంపు గుప్పుమంది. గుమ్మంలోనే వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని లోపలికెళ్ళింది. అత్తని గోడవైపు ఒత్తిగిల్లజేసి, పుళ్ళకి అంటుకుపోయిన గుడ్డని తడిపి తడిపి ఊడదీసింది. చీము మోచేతి దాకా కారింది. అందులో ఏదో తెల్లగా మెదిలింది... అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అసహ్యంగా లేదుటే?" అంది అత్త.

"ఉంది అత్తయ్యా. అయినా కడుగుతాను."

కడుగుతూనే ఏడ్చింది. "నీ మాట కాదన్నాను దేవుడా. తప్పైపోయింది. నన్ను మళ్ళీ దగ్గరికి తీసుకో."

మాట బయటికొచ్చింది. నోట్లో కంపు లేదు. తప్పిపోయిన బిడ్డని ఎవరో ఎత్తుకున్నట్టు, గుండె కుదుటపడింది.

పుళ్ళకి కట్టు కట్టి, దుప్పటి మార్చి, అత్తని తన వైపు తిప్పుకుని, ఆవిడ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అత్త ఆ చేతుల్ని తడిమి చూసింది. మళ్ళీ తడిమింది.

"నీ చేతులు రెండూ ఇక్కడే ఉన్నాయే..."

"అవును అత్తయ్యా."

"మరి నా వీపు ఇంకా ఎవరే కడుగుతున్నారు?"

అత్త వెనక గోడ తప్ప ఏమీ లేదు. అక్కడ... మెల్లగా, తడిగుడ్డ పిండిన చప్పుడు.