క్విన్సీ మోకాలు

జిమ్‌లోంచి కేక!

గోడలు అదిరేంత కేక!

మార్లో హిక్స్ వెనక్కి చూడడు. క్లబ్ జిమ్ వెనక నడవాలో పరిగెడుతున్నాడు. బయట చీకటి, వాన. పిడికిట్లో ఇనుప పిన్ను...

కాళ్లతో నెట్టే యంత్రంలో బరువు జారకుండా ఆపే పిన్ను అది. క్విన్సీ వాడెల్ రాకముందే లాగేశాడు. తలుపు సందులోంచి చూశాడు కూడా. బరువంతా క్విన్సీ మోకాలి మీద పడింది!

"ఎవడ్రా అది!"

గార్డు! టార్చి వెలుగు!

"కెమెరాగాడు! పట్టుకోండి!"

రేపు టీమ్‌లోంచి ఆటగాళ్లను తీసేసే రోజు. రిపోర్టర్లు గోడలు దూకుతుంటారు. గార్డు తనూ అలాంటివాడే అనుకున్నాడు. హమ్మయ్య!

లాండ్రీ గది. మార్లో లోపలికి దూరి, మురికి జెర్సీల బండి వెనక నక్కుతాడు. ఊపిరి బిగపడతాడు.

కాలేజీలో ఇద్దరిదీ ఒకే గది. ఒకే పిజ్జా. క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ రోజున క్విన్సీ పేరు మొదటి రౌండ్‌లోనే పిలిచారు. తన పేరు అసలు పిలవనే లేదు! వాడికి ఏడాదికి పన్నెండు మిలియన్లు. తనకు అదే టీమ్‌లో అట్టడుగు జీతం. వాడు బంతి పట్టుకుని పరిగెడుతుంటే తను బెంచీ మీద కూర్చుని చూడాలి. వాడి పేరుతో పిల్లలు జెర్సీలు వేసుకు తిరుగుతుంటే మార్లోకి కడుపు మండిపోయేది.

ఇక ఆ చోటు తనదే!

బూట్ల చప్పుడు దూరమైంది. కిటికీ... దూకాడు! బురద... కారు... గేటు దాటాడు!

ఊరంతా పిచ్చివాడిలా తిరుగుతాడు. ఎప్పటికో ఫోన్ మోగుతుంది.

తన ఏజెంట్ రొండా.

"మార్లో, క్విన్సీ మోకాలు పోయింది. జిమ్‌లో యంత్రం పాడైందట."

"అయ్యో! మరి... వాడి చోటు నాదేగా?"





"పిచ్చోడా! అది సాయంత్రమే నీదైంది. స్పీడు తగ్గిందని రేపు పొద్దున క్విన్సీని తీసేద్దామనుకున్నారు. ఆ డబ్బుతో నీకు మూడేళ్ల కాంట్రాక్ట్. నీ సంతకం ఒక్కటే మిగిలింది."

మార్లో కారు పక్కకు ఆపేస్తాడు.

"అయితే పెట్టేస్తా! ఇప్పుడే వస్తా!"

"ఎందుకు రావడం? క్లబ్ జిమ్‌లో దెబ్బ తగిలినోడికి ఈ ఏడాది జీతమంతా ఇచ్చి తీరాలి. టీమ్ జీతాలన్నీ కలిపి లీగ్ గీసిన గీత దాటకూడదు. నీ కోసం దాచిన డబ్బు వాడికే పోయింది. కొత్తవాళ్ల అట్టడుగు జీతం నీదానికన్నా తక్కువ, అలాంటి కుర్రాడొకడు దొరికాడు... నిన్ను తీసేశారు మార్లో!"

"రొండా..."

"అదే కాలు బయట రోడ్డు మీద విరిగుంటే క్లబ్ ఒక్క డాలరు కూడా ఇచ్చేది కాదు. సరిగ్గా జిమ్‌లోనే విరగాలా!"

మార్లో స్టీరింగ్ మీద గుద్దుతాడు. బయట కొడితే పోలీసులు వస్తారనే కదా, ప్రమాదంలా కనపడాలనే కదా, జిమ్‌ని ఎంచుకున్నాడు!

మళ్లీ ఫోన్.

క్విన్సీ!

ఎత్తాలా? ఎత్తుతాడు.

"ఒరేయ్ మార్లో!" మూలుగుతూనే నవ్వుతున్నాడు. "నన్ను తీసేస్తారని మధ్యాహ్నమే తెలిసిందిరా. ఇంట్లో చెప్పలేక చచ్చాను. ఆ యంత్రం నా పాలిట దేవుడు! జీతమంతా నాదే!"

మార్లో పక్క సీట్లోని పిన్నును కిందికి తోసేస్తాడు.

"కోచ్ ఇక్కడే, ఆస్పత్రిలోనే ఉన్నాడు. నీ సంగతి చెప్పాడు. బాధపడకురా... ఆరు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. నన్ను తిప్పడానికి డ్రైవర్ కావాలి. రేపొచ్చి చేరిపో!"

"క్విన్సీ, నేను..."

"జీతం గురించి ఆలోచించకు. నేనిస్తాగా!"